టేపు వదులు చెయ్యమన్న లూపె

లూపె తవీత మా ట్రక్కుల షెడ్డులో సార్జంటు. సమోవా దీవుల పిల్ల. సైన్యంలో చేరి టెక్సాసు ఎండల్లోకి వచ్చి పడింది. మనిషి దిట్టం. ట్రక్కు చక్రాన్ని మాలో ఇద్దరం కలిసి దొర్లిస్తే, ఆమె ఒక్కతే లేపి బిగించేది. పరుగు పందెంలో మా షెడ్డు మగవాళ్ళు సగం మంది ఆమె వీపు చూస్తూ పరిగెత్తేవాళ్ళే.

అయినా ఆమె ఎత్తుకు ఇంత బరువే ఉండాలని సైన్యం రాసిపెట్టిన లెక్కలో ఎప్పుడూ ఇమిడేది కాదు. బరువు మించితే టేపు. ఆడవాళ్ళకు మెడ, నడుము, పిరుదులు కొలిచి ఒంట్లో కొవ్వు ఎంతో అంచనా కడతారు. అది మించితే ప్రమోషను ఆగిపోతుంది. తగ్గకపోతే సైన్యం మాన్పించి ఇంటికి పంపేస్తారు. అందుకే కొలతలు దగ్గరపడితే వంటగదిలో ఉండాల్సిన ప్లాస్టిక్ చుట్టలన్నీ, చెమట పట్టి ఒళ్ళు తగ్గుతుందని, మా నడుములకు చేరేవి.

ఆ జూలైలో మా షెడ్డులో పనిచేసే జెనీన్ కాల్పుల మైదానంలో కుప్పకూలింది. బిడ్డను కన్న ఒళ్ళు ఇంకా తగ్గలేదని తిండీ నీళ్ళూ మానేసింది. లూపె ఆమెను భుజాన వేసుకుని అంబులెన్సు దాకా పరిగెత్తింది. అక్కడ చొక్కా కత్తిరిస్తే లోపల పొట్ట చుట్టూ ప్లాస్టిక్. కిడ్నీలు దెబ్బతిన్నా, ప్రాణం దక్కింది.

మర్నాడు లూపె మమ్మల్ని షెడ్డు వెనక్కి పిలిచింది.

"ఈసారి నా కింద ఎవరూ ఏదీ చుట్టుకోరు. ఎవరూ నీళ్ళు మానరు."

"ఫెయిలైతే, సార్జంట్?" అన్నాడు బ్రాంట్. వాడిదీ పెద్ద పొట్టే.

"ఫెయిలవుదాం. ముందు నేను నిలబడతా."

కొలిచేది మార్లీన్ గాట్లిన్, లూపెకు పాత స్నేహితురాలు. అంకెలు రాసుకోవడానికి నన్ను పెట్టారు. మార్లీన్ లూపె నడుముకు టేపు చుట్టి, కండలోకి దిగేలా లాగింది.

"ఊపిరి బిగబట్టవే."

"టేపు వదులు చెయ్యి, మార్లీన్."

"నోర్మూసుకుని నిలబడు. వచ్చే నెల నీకు ప్రమోషను, తెలుసా?"

"తెలుసు. ఇవాళ నా మీద ప్రేమతో బిగిస్తావు. రేపు ఇంకొకరు కోపంతో వదులు చేస్తారు. సరిగ్గా కొలువు."

మార్లీన్ మొహం ఎర్రబడింది. వదులు చేసింది. లూపె ఫెయిలయింది. ఆమె వెనక బ్రాంటూ, ఇంకో ఇద్దరూ.

కెప్టెన్ విట్లాక్ మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు.

"ఏంటిది, తవీతా? పంతమా?"

"అవును సార్."

"ఇన్నాళ్ళూ మీ షెడ్డులో అందరూ పాసయ్యేవాళ్ళుగా?"

"జెనీన్ కూడా పాసయ్యేదే సార్. పాసై చచ్చిపోయేది."

ఆయన కొలతల కాగితం మడిచి, "నీ ప్రమోషను నా చేతుల్లో లేదు. ఆగిపోతుంది," అన్నాడు.

"ఆగనివ్వండి. నన్ను రేపు పరుగుకు మాత్రం ఆపకండి."

ఆ తర్వాత కొలతకు వచ్చే ప్రతివాళ్ళూ ముందు తన ఎదుటే సీసాడు నీళ్ళు తాగాలని, ఒంటి మీద ఏమీ చుట్టుకోలేదని చూపించాలని విట్లాక్ ఆర్డరు వేశాడు. లూపె నెలనెలా కొలతకు వచ్చింది. టిఫిను మానకుండా వచ్చింది. నడుము కొంత తగ్గింది గాని, లెక్కకు సరిపడా ఎన్నడూ తగ్గలేదు. బ్రాంట్ తగ్గి పాసయ్యాడు. మాలో సగం మందికంటే ముందు పరిగెత్తే మనిషిని మాత్రం వసంతకాలంలో ఇంటికి పంపేశారు.

గేటు దగ్గర మార్లీన్ ఏడుస్తూ, "ఒక్కసారి ఊపిరి బిగబట్టి ఉంటే సరిపోయేది కదే," అంది.

"నువ్వు బిగబట్టు," అని నవ్వి లూపె కారెక్కింది.

లూపె ఇప్పుడు ఇక్కడే పక్క ఊళ్ళో హైస్కూలు ఆడపిల్లలకు కుస్తీ నేర్పుతోంది. బరువు తగ్గడానికి పస్తులున్న పిల్లను చాప మీద అడుగు పెట్టనివ్వదట. పోటీల్లో ఓడిపోతున్నామని ప్రిన్సిపాలు గోల పెడుతున్నాడు. ఆమె వినడం లేదు.