కాగితాలు లేని ట్రైలరు

బహ్రెయిన్‌లో ఇరవై అడుగుల పడవ ట్రైలరును సగం ధరకు కొన్న మొనగాణ్ణి నేను. దుకాణంలో పెరిగినవాణ్ణి కదా, చివరి ఇరవై దినార్లు తగ్గించుకోవడానికి కాగితాలు కూడా వద్దన్నాను.

నంబరు కోసం ట్రాఫిక్ ఆఫీసుకు వెళితే, పాత యజమాని పత్రం లేనిదే రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. అమ్మినవాడు అప్పటికే దేశం వదిలిపోయాడు. ఇక శుక్రవారాల చేపలవేటకు నా పడవ సముద్రం చేరేదెలా?

వెయిటింగ్ హాల్లో పక్కన గోదావరి మనిషి ఒకాయన కూర్చున్నాడు. హిద్ షిప్‌యార్డులో డ్యూటీ అట. ఒళ్లో తన ట్రైలరు కొత్త నంబరు ప్లేటు.

"నీకెంత తగ్గిచ్చిండన్నా?" అడిగాను.

"బేరమాడలేదండీ. కాయితాలన్నీ ఉన్నాయా అని మాత్రం అడిగాను. మరి మీరో?"

"నేను బేరంల కాగితాలనే ఇడిసిపెట్టిన."

ఆయన నవ్వలేదు. నవ్వినా కొంత హాయిగా ఉండేది. "శుక్రవారం మీ పడవ కూడా మా ట్రైలరు మీదే దింపేద్దాం రండి" అని చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చాడు. నా కళ్లు మాత్రం ఆ ప్లేటు మీదే ఉన్నాయి. కడుపు మండిపోయింది. బయటికొచ్చి చీటీ చింపేశాను.

ఆఖరి లెక్క: ట్రైలరుకు పెట్టింది అరవై, తుక్కుకు వచ్చింది పదిహేను. నలభై అయిదు నా బేరం మింగింది. ఆరు శుక్రవారాలు పడవను మోసిన అద్దె ట్రక్కుకు నలభై ఎనిమిది. అదంతా నా కుళ్లుబోతుతనం ఖర్చు.