గేటు అసిరయ్య సోదా

అసిరయ్య ఉద్యోగం మానినా అనుమానం మానలేదు. కోరాపుట్ కొండల మధ్య ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో గేటు దగ్గర కాపలా కాసిన మనిషాయన. షిఫ్టు దిగేవాళ్ళు ఆయన్ని చూడగానే, అడక్కుండానే క్యారేజీ మూత తీసి చూపించాలి. ఆఫీసరైనా సరే, వియ్యంకుడైనా సరే, అదీ అక్కడి ఆనవాయితీ. రిటైరయ్యాక ఏం మిగిలింది? పాలవాడి క్యాను, సంతలో తక్కెడ, భార్య సూర్యకాంతమ్మ పోపులపెట్టె. అన్నిటి మీదా ఆయన కన్నే. "తాడు కనిపిస్తే పావంటావు, నీతో ఎలా ఏగేది?" అని ఆవిడ మొత్తుకునేది.

ఒక్క బిందుశ్రీ దగ్గరే ఆ కన్ను మూతపడేది. కూతురి కూతురు, ఎనిమిదో తరగతి, వీళ్ళ దగ్గరే ఉండి చదువుతోంది. బడి నుంచి వస్తూనే "తాతా!" అని సంచి ఆయన ఒళ్ళో పడేసేది. ఆ తర్వాత ఇద్దరూ రోడ్డు పక్క అరుగు మీద చేరేవారు. అసిరయ్యకి ఇంగ్లీషు మాటలు రావు గానీ అక్షరాలొచ్చు, గేటు దగ్గర బండ్ల నెంబర్లు రాసీ రాసీ వచ్చాయి. ఎదుట పోయే బండి మీద మూడక్షరాలు ఆయన చదివితే, ఆ మూడూ ఉన్న ఇంగ్లీషు మాటలు ఆ పిల్ల వెతికి చెప్పేది. ఈసారి వినాయక చవితికి తెలుగు సంఘం వాళ్ళు అదే ఆటని పోటీగా పెట్టారు.

సంఘం సెక్రటరీ ధనుంజయ్ వచ్చి, "నీకంటే నమ్మకస్తుడు ఎవడున్నాడు మావా? అక్షరాలు నువ్వే ఎంచి, కాయితం నీ దగ్గరే ఉంచు" అన్నాడు. అసిరయ్య పొంగిపోయాడు. క్షణమైనా ఆలోచించకుండా ఓ, ఆర్, డి అని రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పోటీ నాటి సాయంత్రం బిందుశ్రీ బడి నుంచి తిన్నగా పందిట్లోకే వచ్చింది. బోర్డు మీద అక్షరాలు పడ్డాయో లేదో, ఆ పిల్ల కలం పరుగందుకుంది. రోడ్, డోర్, డాక్టర్, ఆర్డర్, రికార్డ్, షోల్డర్... తక్కిన పిల్లలింకా తల గోక్కుంటున్నారు. అసిరయ్య చొక్కా జేబు తడుముకున్నాడు. పొద్దున ఈ చొక్కా తెచ్చి ఇచ్చిందెవరు? ఈ పిల్లే. జేబులో కాగితం చూసిందా? ఛీ ఛీ, నా మనవరాలు! మరి చూడకపోతే ఆ వేగమేమిటి? మాటలు ముందే రాసుకుని సంచిలో పెట్టుకుందేమో! వెధవ కన్ను, ఒకసారి తెరుచుకుంటే మూతపడదే!

"అమ్మి, సంచి ఇలా తే" అన్నాడు.

ఆ పిల్ల సంచిని గుండెకి కరుచుకుంది. "వద్దు తాతా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే కనిపించింది ఆయనకి. అంతే, లోపలి గేటు మనిషి లేచాడు. అందరి ముందూ సంచి లాక్కుని బల్ల మీద బోర్లించాడు. పుస్తకాలు, జామెట్రీ బాక్సు, ఓ కాగితం పొట్లం పడ్డాయి. పొట్లం విప్పితే ప్రసాదం లడ్డూ, సగం.

"నీకోసమే దాసేను" అంది బిందుశ్రీ. "సుగరని అమ్మమ్మ తిననివ్వదు కదా."

"మరి ఇన్ని మాటలు ఇంత బేగి ఎలా రాసేవు?"

"ఓ, ఆర్, డి నువ్వు సెప్పినవే కదా తాతా! మన ఈదికొచ్చే నీళ్ళ టాంకరు మీదవి. ఎప్పుడూ అయ్యే సెప్తావు."

అసిరయ్య బోర్డు వైపు చూశాడు. నిజమే. ఒడిశా పాత బండ్లన్నిటికీ ముందు ఓ, ఆర్ ఉండేవి. ఉద్యోగమంతా రాసిన చెయ్యి వాటినే రాసింది, వాటి వెనకే ఆ పాత ట్యాంకరు డి వచ్చి చేరింది. ప్రశ్న ముందే బయటపెట్టిన దొంగ తనే! సిగ్గుతో చచ్చిపోయాడు. మైకు అందుకుని ఆ మాట అందరికీ చెప్పి, వేరే అక్షరాలతో పోటీ మళ్ళీ పెట్టించాడు. బిందుశ్రీ కలం పట్టలేదు.

"సిన్నపిల్ల, దానికేటి, రేపటికి మర్సిపోద్ది" అంది సూర్యకాంతమ్మ, ఆ రోజుకి దెప్పడం మానేసి.

మర్నాడు సాయంత్రం అసిరయ్య అరుగు మీద కాచుకుని కూర్చున్నాడు. నీళ్ళ ట్యాంకరు వచ్చింది, పోయింది. ఆ వెనకే బడి నుంచి బిందుశ్రీ వచ్చింది. తాతా అని పిలవలేదు, సంచి ఒళ్ళో పడెయ్యలేదు. ఎదురుగా నిలబడి, ఆయన అడక్కుండానే, జిప్పు తీసి సంచి తెరిచి చూపించింది.