టీచరని చెప్పుకున్న మా బావ

మొన్న పోలీస్ స్టేషన్ నుంచి ఒక కుర్ర కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. డ్యూటీలో చనిపోయినవాళ్ల ఫొటోలకు దండలు వేస్తారట, మా బావది యూనిఫాం ఫొటో పంపమన్నాడు. లేదన్నాను. "ఎస్సై సార్‌ది యూనిఫాం ఫొటో లేకపోవుడేంది మేడం?" అని ఆశ్చర్యపోయాడు. పాపం, అతనప్పటికి పుట్టి ఉండడు. తొంభైల్లో మా వైపు పోలీసు ఇంట్లో అలాంటి ఫొటో గోడకు తగిలిస్తే, చావుకు అడ్రసు చెప్పినట్టే.

బావ అంటే మా అక్క భర్త. మద్నూర్ వైపు ఒక స్టేషన్లో ఎస్సై. అక్కను మాత్రం బాన్సువాడలో కిరాయి ఇంట్లో ఉంచాడు. అక్క కాన్పుకు సాయంగా నేను వెళ్లాను. అడవిలో తిరిగే అన్నలు, అంటే నక్సలైట్లు, పోలీసుల కోసం వెతుకుతున్న రోజులు. అందుకని ఇల్లుగల అవ్వతో సహా వాడకట్టంతటికీ బావ టీచరనే చెప్పారు. ఆ అబద్ధానికి శిక్ష కూడా పడింది. సెలవు మీద వస్తే చాలు, పిల్లలు లెక్కల పుస్తకాలు పట్టుకుని వాలిపోయేవారు. దొంగలను గడగడలాడించే మనిషి చెమటలు కక్కుతూ వంటింట్లోకి వచ్చి, "మరదలా, పదిహేడు ఎనిమిదులెంత?" అని గుసగుసలాడేవాడు. నాకు నవ్వాగేది కాదు.

ఆ ఇంట్లో చట్టం ఒకటే: ఖాకీ బట్టలు బయట ఆరేయకూడదు. వంటింట్లో పొయ్యి మీదుగా కట్టిన తాడే వాటికి దిక్కు. బావ యూనిఫాం వేసుకుంటే పోపు వాసన వచ్చేదని అక్క ఏడిపించేది. ఆ వానాకాలం బావ సెలవు మీద వచ్చి ఉండగా వారం రోజులు ముసురు పట్టింది. పసిదాని గుడ్డలకే తాడు చాల్లేదు. ఒక పొద్దున ఎండ కాస్తే, నేను ఖాకీ ప్యాంటు కూడా పెరట్లో తీగ మీద వేసి, పైన దుప్పటి కప్పాను. గంట తర్వాత వెళ్లి చూస్తే దుప్పటి కింద పడి ఉంది. గబగబా ప్యాంటు తీసేశాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగోనాడు పొద్దున ఇద్దరు వచ్చారు. "టీచర్ సార్ ఉన్నడా? మా పిల్లగాని బడి గురించి మాట్లాడాలె" అన్నారు. అవ్వే బావను పిలిచింది. గడ్డం గీసుకుంటున్నవాడు చెంపకు సబ్బు నురగతోనే గడప దాటాడు. ఒకడు సంచిలోంచి పిస్తోలు తీశాడు. తలుపేసుకుంటే బావ బతికేవాడేమో. కానీ వాకిట్లో బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. వాడి మీదికి దూకి, పిస్తోలున్న చేతిని పైకెత్తి పట్టుకుని, "ఉరుకుండ్రి! లోపలికి ఉరుకుండ్రి!" అని అరిచాడు. మొదటి గుండు ఇంటి పెంకులను పగలగొట్టింది. రెండోవాడు వెనక నుంచి వీపులో రెండుసార్లు కాల్చాడు. బావ మోకాళ్ల మీద కూలాడు, పట్టు మాత్రం వదల్లేదు. మొదటివాడు బావ ముఖాన్ని బూటుకాలితో తన్ని, చెయ్యి విడిపించుకుని, మెడలో కాల్చాడు. "మా టీచర్ సారును సంపుతుండ్రు!" అని అవ్వ గుండెలు బాదుకుంటూనే ఉంది. చేతికందిన పసిదాని గుడ్డ ఆ మెడకు అదిమిపెట్టాను. వెచ్చని నెత్తురు నా వేళ్ల సందుల్లోంచి కారిపోతూనే ఉంది. బోరింగు దగ్గరి ఆడవాళ్లలో ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు. బావ దవాఖాన చేరకముందే పోయాడు. ఆ ఇద్దరి మీద నాకిప్పటికీ కోపమే. నా మీద నాకున్న కోపం అంతకంటే ఎక్కువ.

అక్కకు పోలీసు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. కాన్పుకు సాయంగా వెళ్లిన నేను పసిదాన్ని పెంచుతూ అక్క దగ్గరే ఉండిపోయాను. మొన్న ఆ ఫోన్ పెట్టేశాక ఇక దాచుకోలేకపోయాను. "అక్కా, గా ముసురుల ఖాకీ ప్యాంటు బయట ఆరేసింది నేనే" అన్నాను. అక్క బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"నాకెర్కనే. దుప్పటి కింద పడంగ కిటికీలకెంచి జూసిన. తీసేద్దామనుకున్న. పిల్ల అప్పుడే పాలకు తగులుకున్నది. జరసేపట్ల ఏమైతదిలే అనుకున్న."

పాతికేళ్లకు పైగా ఒకే ఇంట్లో, ఒకే కుండలో వండుకుని తిన్నాం. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు గానీ, ఇన్నేళ్లూ అది మా ఇద్దరినీ చెరో గదిలో ఒంటరిగా ఏడిపించింది.