సీసా వెనుక అరచేయి

మొదట చప్పుడే వచ్చింది. కొండ వెనుక ఎవరో తడి దుప్పటిని దులుపుతున్నట్టు. తర్వాత కనిపించింది తూర్‌బోర్గ్, గాలికి వంగి, ఇంధనం ట్యాంకు పక్కన, చేతిలో గాజు సీసాతో.

నార్వే ఉత్తరాన మా దీవిలో హెలికాప్టర్లకు దాహం తీర్చేది ఆమే. బుల్లి వాటికి నీలిరంగు పెట్రోలు. గంటకు యాభై అరవై లీటర్లతో సరిపెట్టుకుంటాయి. పెద్దవాటికి తేటగా మెరిసే కిరసనాయిలు. ఇప్పుడు దిగుతున్నది, సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే పెద్ద హెలికాప్టరు, గాలిలో ఉంటే నిమిషానికో బిందెడు తాగేస్తుంది.

తూర్‌బోర్గ్ తమ్ముడు హాల్‌వార్డ్ పడవ సముద్రంలో రాతి తిన్నెల అవతల మునుగుతోంది. ఇక్కడ ఇంధనం నింపుకుంటేనే హెలికాప్టరు అక్కడికి వెళ్లి, అతన్ని పైకి లాగేదాకా ఆగగలదు.

రెక్కలు ఆపకుండానే పైలట్ సిండ్రె కిటికీలోంచి అరిచాడు. "అక్కా, ఇంధనం పట్టు!"

ఇంధనం గొట్టం ఆమె సహాయకుణ్ణి, నా చేతిలో ఉంది. ఆమె కళ్లతోనే ఆగమంది. ట్యాంకు అడుగు కుళాయి తిప్పి, సీసాలోకి కిరసనాయిలు పట్టి, దాని వెనుక అరచేయి పెట్టింది. చేతి గీతలు స్పష్టంగా కనబడితేనే పోయడం, అదీ ఆమె పద్ధతి.

అడుగున నీటి బొట్లు ముత్యాల్లా దొర్లాయి. చలికి అవి గడ్డకడితే ఇంజను గొంతు పూడుకుపోతుంది.

పారబోసింది. మళ్లీ పట్టింది. ఇంకా ఒక బొట్టు.

"నీ తమ్ముడేగా అక్కడ!" అన్నాను.

"అందుకే, నోరు మూసుకో."

"కడవలు కడుగుతున్నావా అక్కా?" సిండ్రె గొంతులో నవ్వు లేదు.

"కూర్చోరా! ఆరిపోయిన ఇంజనుతో సముద్రంలో ఈదుతావా?"

మూడోసారి అరచేతి గీతలన్నీ కనిపించాయి. నీరు తగిలితే ఆకుపచ్చగా మారే కాగితాన్ని సీసాలో ముంచితే పసుపుగానే ఉంది. "ఇక పట్టు!" అంది నాతో.

హెలికాప్టరు బూడిదరంగు ఆకాశంలో కరిగిపోయాక ఆమె కూర్చోలేదు. ఖాళీ సీసాను తుడుస్తూనే ఉంది.

చప్పుడు తిరిగొచ్చింది. దుప్పట్లో చుట్టిన హాల్‌వార్డ్ వణుకుతూ దిగాడు. "ఏమే అక్కా, ఇంతసేపా? కాఫీ తాగుతూ కూర్చున్నావా?"

"ఆ, రెండు కప్పులు," అని అతని తడి జుట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

అతన్ని లోపలికి తీసుకెళ్లాక, సీసా నా చేతికిస్తూ గొంతు తగ్గించింది.

"మొదటి సీసాలో నీళ్లు చూసి కూడా, చూడనట్టే పోసేద్దామనుకున్నాను. వాడికి మాత్రం చెప్పకు."