సార్ పేరు మీద నిరోధం

కరెంటు పోయినప్పుడు మా కాలేజీ స్టాఫ్ రూంలో యూపీఎస్ కూయడం మొదలుపెడుతుంది. గూట్లో ఒంటరిగా మిగిలిన పిట్టపిల్ల అరిచినట్టు సన్నగా, ఆగి ఆగి కూస్తుంది. తోటి లెక్చరర్లు విసుక్కుంటూ కంప్యూటర్లు కట్టేస్తారు. నాకు మాత్రం కాసేపు చేతులాడవు. హనుమకొండలోని ఓ ఇరుకు సందులో పచ్చ పరదా వేసిన కిటికీ, నొప్పుల నూనె వాసన, కుర్చీలో వెనక్కి వాలి "రాసింది సేవ్ చేసినవా శాంతా?" అని అడిగే దేవసహాయం సార్ కళ్ళ ముందుకొస్తారు. ఆయన నాకు బడిలోనో కాలేజీలోనో పాఠం చెప్పినవారు కాదు. వరంగల్‌లో ఒక ప్రెస్సులో చాలా ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. ఒక మనిషిని ఆపవలసి వచ్చినప్పుడు ఎలా ఆపాలో నాకు నేర్పింది ఆయనే.

తెలుగులో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లో ఒకటుంది. మేమందరం దాన్ని వికీ అంటాం. జీతం లేని పని. ఓపికగా రాసేవాళ్ళు వస్తారు, ఉన్నది చెరిపి బూతులు నింపేవాళ్ళూ వస్తారు. అలాంటివాళ్ళను కొంతకాలం రాయనివ్వకుండా ఆపే అధికారం నిర్వాహకులకు ఉంటుంది. ఆ ఆపడాన్ని నిరోధం అంటాం. ఎంతకాలమో, ఎందుకో రాసి మీట నొక్కితే చాలు, అవతలి మనిషి ఎక్కడున్నా చేయి ఆగిపోతుంది. మనకు అతని ముఖం తెలియదు, అతనికి మనది తెలియదు.

నేను మా ఊరు రఘునాథపల్లి గురించి రాద్దామని మొదటిసారి కూర్చున్న రోజే నా చేయి ఆగిపోయింది. మా కాలేజీ ల్యాబ్ నుంచి ఎవరో విద్యార్థి పిచ్చి రాతలు రాస్తే, ఆ ల్యాబ్ మొత్తానికీ నిరోధం పడింది. ఏమీ చేయని నేను కూడా అందులో ఇరుక్కున్నాను. రాయడానికి నాకు మిగిలిన ఒకే ఒక్క చోటు, ఒకరికొకరు సందేశాలు రాసుకునే చర్చాపేజీ. అక్కడ నా గోడు రాసి, ఫోన్ నంబరు కూడా పెట్టేశాను. పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ముందుగాల ఆ నంబర్ తీసేయి బిడ్డా, లోకమంతా చూస్తది," అంది ఓ బొంగురు గొంతు. "తలుపు మూసింది నేనే. నువ్వు లోపల ఉన్నవని చూస్కోలే. ఇప్పుడే తీస్తాన."

మాటల్లో తేలిందేమిటంటే, ఆయన ఇల్లు మా కాలేజీకి ఆటోలో పావుగంట దూరం. ఆ ఆదివారం చర్చి అయిపోయాక వెళ్ళాను. ఆయన భార్య రూతమ్మ గారు చాయ్ ఇచ్చి, ఆయన కుర్చీ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మేము మాట్లాడుకున్నంతసేపూ ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన పెదవుల వైపే చూస్తూ ఉంది.

రెండేళ్ళ తరువాత నన్ను కూడా నిర్వాహకురాలిని చేశారు. నేను నిరోధించిన మొదటి మనిషి నాకు ఇప్పటికీ గుర్తుంది. నర్సంపేట వైపు నాటకాలకు హార్మోనియం వాయించిన ఒక కళాకారుడి మీద వ్యాసం ఉండేది. ఒక వాడుకరి, అంటే వికీలో ఖాతా ఉన్న ఒకామె, రోజూ పొద్దున్నే వచ్చి అందులోని భూతకాలాన్ని చెరిపేసేది. "వాయించేవాడు" అని ఉంటే "వాయిస్తాడు" అని మార్చేది. "ఉండేవాడు" అని ఉంటే "ఉంటాడు" అయ్యేది. చనిపోయిన సంవత్సరం మాయమయ్యేది. భాషలో తప్పులేమీ ఉండేవి కావు. వాక్యాలు శుభ్రంగా, నెమ్మదిగా, చనిపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టేవి. ఎన్నిసార్లు హెచ్చరించినా జవాబు లేదు. ఒక రోజు నిరోధించాను. అప్పుడు చర్చాపేజీలో మొదటిసారి ఒక మాట రాసింది: "మా బాపు ఇంట్లనే ఉన్నడు. లేడని చెప్పేటందుకు మీరెవరు?"

సార్‌కు ఫోన్ చేశాను. వారం రోజులకు పెంచమంటారా అని అడిగాను.

"ఆమె ఏం చెరుపుతాందో చూసినవా?" అన్నారు. "చావొక్కటే చెరుపుతాంది. ఆమెను కొట్టకు. మాట్లాడు."

చివరికి మాట్లాడింది ఆయనే. మీ ఇంట్లో మీ నాన్న ఎలా ఉన్నారో మీకే తెలుసు, దాన్ని మేము కాదనం, ఈ పేజీలో మాత్రం అచ్చులో వచ్చిందే రాయగలం అని రాశారు. గడువు తీరకముందే నిరోధం ఎత్తేశారు. మరునాడు ఆమె వచ్చి ఒక ఫొటో చేర్చింది. ఖాళీ గదిలో, చాప మీద, మూత తెరిచి ఉన్న హార్మోనియం. దాని ముందు పరిచిన తువ్వాలు మీద ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు మడతలు. ఆ తరువాత ఆమె మళ్ళీ రాలేదు.

తరువాతి కాలంలో సార్ ఫోన్లు తగ్గాయి. గొంతు బాగాలేదనీ, ఇకమీద రాతలోనే మాట్లాడుకుందామనీ నా చర్చాపేజీలో రాశారు. నాకూ కాలేజీ పని పెరిగింది, ఆ ఇంటి వైపు వెళ్ళడం తగ్గిపోయింది. అయితే ఆ రాతలే నన్ను ఎక్కువగా తీర్చిదిద్దాయని చెప్పాలి. ఆయన ఫోన్లో తొందరపడే మనిషి. రాతలో మాత్రం ఎక్కడలేని నిదానం వచ్చింది. "నిరోధం శిక్ష కాదు శాంతా. కోపంగా ఉన్న మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం," అని ఒకసారి రాశారు. ఆ మాట నేను క్లాసులో అల్లరి పిల్లల దగ్గర కూడా వాడుకున్నాను. ప్రతి దిద్దుబాటు కింద "చిన్న సవరణ, మన్నించాలి" అని రాయడం ఆయన అలవాటు. ఆ మూడు మాటలు చూస్తే చాలు, ఆయన కుశలంగా ఉన్నారని అనుకునేదాన్ని.

ఆయన పోయారని చర్చి వాళ్ళు చెబితే తెలిసింది. సమాధి దగ్గర రూతమ్మ గారు ఏడవలేదు. ఎవరో చెబుతున్నది వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి నిలబడింది. వికీలో చాలామంది నివాళులు రాశారు. చనిపోయినవారి ఖాతాను ఎవరూ దుర్వినియోగం చేయకుండా శాశ్వతంగా నిరోధించడం మా దగ్గర ఆనవాయితీ. ఒకే ఊళ్ళో ఉంటున్నదాన్ని కాబట్టి ఆ పని నాకప్పగించారు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను.

కొన్ని వారాలకు, రెండు క్లాసుల మధ్య విరామంలో వికీలో ఇటీవలి మార్పుల జాబితా చూస్తున్నాను. వరుసలో దేవసహాయం సార్ పేరు కనబడింది. ఏదో వ్యాసంలో ఒక దీర్ఘం సరిచేసి ఉంది. కింద "చిన్న సవరణ, మన్నించాలి" అని ఉంది. నేను తేరుకోకముందే నా చర్చాపేజీలో కొత్త సందేశం వచ్చిందని గుర్తు మెరిసింది. తెరిచాను.

"శాంతా, నిన్న నువ్వు వేసిన నిరోధానికి కారణం రాయలేదు. ఆ మనిషికి ఎట్లా తెలుస్తుంది?"

నిన్న నిజంగానే ఒక నిరోధం వేశాను. తొందరలో కారణం రాయలేదు. గంట కొట్టినా ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను.

మిగతా నిర్వాహకులు అప్పటికే గ్రూపులో అరుస్తున్నారు. ఎవరో పాస్‌వర్డ్ దొంగిలించారు, వెంటనే ఆపండి అన్నారు. ఒక్క రోజు ఆగమని బతిమాలాను. మధ్యాహ్నం సెలవు పెట్టి ఆటో ఎక్కాను.

రూతమ్మ గారు తలుపు తీసి, నేను వస్తానని తెలిసినట్టే పక్కకు జరిగింది. గదిలో కంప్యూటర్ వెలుగుతోంది. సార్ కుర్చీ అలాగే ఉంది. పీట కూడా అలాగే దాని పక్కనే ఉంది, కీబోర్డు మాత్రం పీట ముందుకు జరిపి ఉంది.

"అమ్మా, సార్ పేరు మీద ఎవరో రాస్తున్నారు," అన్నాను.

"ఎవరో కాదు బిడ్డా. ఆయనే," అంది. చాలా మామూలుగా అంది. "కూసో."

అప్పుడు చెప్పింది. షుగర్‌తో ఆయన చూపు పోయి మూడేళ్ళు దాటింది. కళ్ళు లేనివాడు అందరి రాతలు దిద్దుతున్నాడంటే నవ్వుతారని ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆమె తెర మీదున్నది చదివి వినిపించేది, ఆయన చెప్పింది టైపు చేసేది. తరువాత, పోవడానికి ఏడాది ముందు, పక్షవాతం వచ్చి మాట కూడా పడిపోయింది.

"మరి ఆఖరి సంవత్సరమంతా..."

"పెదవులు కదలకున్నా నాకు వినబడుతుండె," అంది. "గా గుమ్మం, మంచినీళ్ళ ముచ్చట యాదికున్నదా నీకు? అది మాట పడిపోయినంక చెప్పిందే. ఇప్పుడు గూడ పొద్దుగాల చెప్తాండు. నేను రాస్తాన."

నేను సార్ మాటలని మనసులో దాచుకున్నవి ఎవరి మాటలు? నాకు నేర్పింది ఎవరు? ఆమె మీద జాలి కలిగింది, భయమూ వేసింది. నెమ్మదిగా చెప్పాను: ఒక ఖాతా ఒక మనిషిదే కావాలని, పోయినవారి పేరుతో ఇంకొకరు రాయకూడదని, దీన్ని నేను ఆపవలసి ఉందని. మీ పేరుతో కొత్త ఖాతా తెరుద్దామని కూడా అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "నాకు చెప్పకు బిడ్డా. రాసేది ఆయన. ఆయనకు చెప్పు."

మొదట అర్థం కాలేదు. ఆమె కళ్ళతో కుర్చీ చూపించింది. పరదా సందు నుంచి వచ్చిన ఎండ దాని సీటు మీద పడుతోంది. వీధిలో కూరగాయల బండి అరుపు వినబడుతోంది. పట్టపగలు ఖాళీ కుర్చీ ముందు నిలబడి, "సార్, మీ ఖాతాకు నిరోధం వేస్తున్నాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఎందుకో, ఎంతకాలమో చెప్పాను. రూతమ్మ గారు తల పక్కకు వంచింది. చాలాసేపు విన్నది. రెండుసార్లు తలూపింది.

"కారణం పూర్తిగ రాస్తవా అని అడుగుతాండు," అంది.

"రాస్తాను సార్."

ఆమె మళ్ళీ విన్నది. "చర్చాపేజీ తెరిచే ఉంచుతవా అంటాండు."

"ఉంచుతాను."

"అయితే వెయ్యి," అంది. ఆ మాట ఎవరిదో నేను అడగలేదు. ఆ కంప్యూటర్ ముందే, పీట మీద కూర్చుని, నా ఖాతా తెరిచి నిరోధం వేశాను. కారణం నాలుగు వాక్యాలు రాశాను. మీట నొక్కుతుంటే ఆమె నా భుజం మీద చేయి వేసింది.

కొత్త ఖాతా ఆమె తెరవలేదు. రెండు నెలల తరువాత వెళ్ళినప్పుడు ఆమె కాస్త చిక్కిపోయి ఉంది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. చాయ్ తాగాక అడిగింది: "ఇంట్ల ఇప్పుడు వినబడుతలేదు శాంతా. నీ దగ్గరికి వచ్చిండా?"

వచ్చారని చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. ఆమెను సంతోషపెట్టడానికే అలా అన్నానని ఆటోలో తిరిగి వస్తూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఎవరినైనా ఆపవలసి వచ్చినప్పుడు, కారణం పూర్తి వాక్యాల్లో రాశాక, మీట నొక్కే ముందు కాసేపు ఆగుతాను. ఎవరో నా కుడిపక్కన కూర్చుని ఆ వాక్యాలను ఓపికగా చదువుతున్నట్టు ఉంటుంది. ఒక్కొక్కసారి ఒక మాట కటువుగా తోచి మారుస్తాను. ఒక్కొక్కసారి అసలు నిరోధమే మానుకుని, ఆ మనిషికి ఒక ఉత్తరం ముక్క రాస్తాను. చదవడం అయ్యిందని నాకే తెలుస్తుంది. అంతవరకు కుడివైపు తల తిప్పను.