భూమేశ్ షావలి అనే ఒక మనిషి

భూమేశ్‌కు కోపం రాదని గల్ఫులోని అల్ కుసైస్ కూలీల క్యాంపులో అందరూ అనేవాళ్లు. మెట్‌పల్లి దగ్గరి ఊరు అతనిది. అల్యూమినియం కిటికీలు చేసే ఫ్యాక్టరీలో ఏడేళ్లుగా పగటి డ్యూటీ. ఫోర్‌మన్ అరిచినా, మెస్సులో పప్పు బదులు పసుపునీళ్లు పోసినా, బస్సు గంట ఆలస్యమైనా "కానీ తియ్" అని ఊరుకునే మనిషి. అలాంటివాడికి రెండువేల ఎనిమిది ఏప్రిల్లో అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకో చెబితే మీరు ముందు నవ్వుతారు. నవ్వండి. చివరిదాకా నవ్వగలిగితే నాతో చెప్పండి.

పదకొండో నంబరు గదిలో కిటికీ పక్కన కింది మంచం భూమేశ్‌ది. పగలు మాత్రం అది షావలిది. రాయచోటి షావలికి అదే ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. ఇతను లేచి వెళితే అతను వచ్చి పడుకోవాలి. దుప్పట్లు వేరు, దిండ్లు వేరు, మంచం ఒకటే. ఒక మంచానికి ఇద్దరన్నది కంపెనీవాళ్ల తెలివి. వారంలో ఆరు రోజులూ ఇద్దరూ గేటు దగ్గర ఒక్క నిమిషం ఎదురుపడేవాళ్లు. "కూర డబ్బాల ఉన్నది భాయ్" అని ఇతను, "సరేన్నా" అని అతను. అంతటితో మాటలైపోయేవి.

వాళ్లను కలిపింది ఒక ఆట. క్యాంపు వెనక సందులో నెల్లూరు షాహుల్ నడిపే ఇంటర్నెట్ కెఫే ఉంది. అక్కడ షావలి 'సెవెన్ ఫోర్ట్స్' అనే ఆటకు అలవాటుపడి, ఒక శుక్రవారం భూమేశ్‌ను కూడా లాక్కెళ్లాడు. దేశదేశాలవాళ్లు ఇంటర్నెట్‌లో చేరి ఒకేచోట ఆడే ఆట అది. మొదట మనకొక బొమ్మ మనిషిని ఇస్తారు. ఒంటిమీద గోచీ, చేతిలో కర్ర, అంతే. తిరిగి, కష్టపడి, కొట్లాడి వాణ్ని మనమే మనిషిని చేసుకోవాలి. మనవాళ్లకు ఈ ఆట ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా?

పేరు నమోదుచేసే ఫారంలో పేరుకు రెండు గళ్లున్నాయి. షాహుల్ టైపు చేస్తూ "పేరు చెప్పండన్నా" అన్నాడు. గళ్లు రెండు, మనుషులు ఇద్దరు. మొదటి గడిలో భూమేశ్, రెండో గడిలో షావలి. ఇందులో తప్పుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మంచం పంచుకున్నవాళ్లు పేరు పంచుకుంటే ఏమవుతుంది? పుట్టిన తేదీ దగ్గర, ఆ మంచం తమకు దొరికిన రోజు మార్చి పద్నాలుగని వేసి, సంవత్సరం మాత్రం భూమేశ్‌ది పెట్టారు. ఫోన్ నంబరూ భూమేశ్‌దే. బొమ్మ మనిషికి పెద్దన్న అని పేరుపెట్టారు.

రెండేళ్లలో పెద్దన్నకు ఇనుప కవచం, ఎర్రటి పైబట్ట, ఒక గుర్రం సమకూరాయి. డ్యూటీకి వెళ్లేముందు షావలి ఒక గంట ఆడేవాడు, డ్యూటీ దిగి స్నానం చేసివచ్చి భూమేశ్ ఒక గంట. షావలి ఏ రోజూ పెద్దన్న సంచి ఖాళీగా వదిలేవాడు కాదు. అందులో ఒక రొట్టె పెట్టి వెళ్లేవాడు. భూమేశ్ గుర్రానికి గడ్డి వేయకుండా లేచేవాడు కాదు. శుక్రవారం ఇద్దరికీ సెలవు. షావలి జుమా నమాజు చేసుకొని రాగానే ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసుకునేవాళ్లు. ఒకరి చేతిలో కీబోర్డు, ఒకరి చేతిలో మౌసు. ఆ మధ్యాహ్నం కోసం భూమేశ్ ఆరు రోజులు కిటికీ చట్రాలు కోసేవాడు.

ఏప్రిల్లో అలాంటి ఒక శుక్రవారమే పాస్‌వర్డ్ పనిచేయలేదు. మూడుసార్లు కొట్టారు. పక్క సీటులో ఫిలిప్పీన్స్ ఆయన బల్లమీద గుద్దాడు. వెనక ఒక పఠాన్ డ్రైవరు పష్తోలో ఎవరినో ఏకధాటిగా తిడుతున్నాడు. "నా పుట్టినరోజు దొంగిలించి ఏంచేస్తారు, కేకు కోస్తారా?" అని ఇంకెవరో హిందీలో నవ్వితే ఆయన మీదికి నలుగురు లేచారు. షాహుల్ అందరినీ కూర్చోబెట్టి ఆట కంపెనీ పెట్టిన నోటీసు చదివాడు.

"వాళ్ల నెట్‌వర్కులోకి ఎవురో దొంగలు దూరారంట. మన పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు అన్నీ పొయ్యుండొచ్చంట. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తన్నాం అంటన్నాడు."

"పెద్దన్న యాడుండాడో సూడు ముందు" అన్నాడు షావలి.

షాహుల్ ఖాతా ఇంకా పనిచేస్తోంది. తన బొమ్మతో ఆటలోని సంతకు వెళ్లాడు. అక్కడ నడిబజారులో పెద్దన్న గోచీతో నిలబడి ఉన్నాడు. కవచం లేదు, పైబట్ట లేదు, గుర్రం లేదు. ఎవడో లోపల కూర్చొని ఒక్కొక్కటే ఊడదీసి అమ్మేశాడు. వీళ్లు చూస్తుండగానే సంచిలో మిగిలిన రొట్టెను కూడా ఎవరికో అమ్మేశాడు.

భూమేశ్ కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"ఇబ్బందా? బాత్‌రూంల నీళ్లు రాకపోతే అంటరు ఇబ్బందని! మా మనిషిని బట్టలూడదీసి బజార్ల నిలవెట్టిండ్రు. తాళం మీది, కావలి మీది, దొంగలు వడితే చింతిస్తరా? మీ చింత ఎవనిక్కావాలె?"

భాష తెలియనివాళ్లకు కూడా విషయం అర్థమైంది. పఠాన్ డ్రైవరు తన తిట్లు ఆపి "సహీ బోలా" అన్నాడు.

షాహుల్ ఆట కంపెనీకి రాసి ఖాతాను ఆపించాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. అసలు ఖాతాదారు తానేనని పదిహేను రోజుల్లో పాస్‌పోర్టు కాపీ పంపి రుజువు చేసుకుంటే వస్తువులన్నీ తిరిగి ఇస్తారట. లేదంటే ఖాతా శాశ్వతంగా మూసేస్తారట. అదే కెఫేలో ఆడే ఒక ఆఫీసు అకౌంటెంటు ఆ సాయంత్రమే తన సొరుగులోంచి పాస్‌పోర్టు తెచ్చి పంపేశాడు. రెండోరోజుకల్లా ఆయన కత్తులు, గుర్రాలు ఆయనకు వచ్చేశాయి.

భూమేశ్ పాస్‌పోర్టు సొరుగులో లేదు. విమానం దిగిన రోజునే ఫ్యాక్టరీ కంపెనీ తీసుకొని ఇనప్పెట్టెలో పెట్టింది. అందరివీ అక్కడే. కాపీ కావాలంటే ముదీర్ సంతకం, అంటే మేనేజరు సంతకం కావాలి. ముదీర్ ముందు యాసీన్ అనే హైదరాబాదీ గుమాస్తా కూర్చుంటాడు.

"కాపీ ఎందుకు? ఇంకో కంపెనీ చూసుకున్నవా?" అన్నాడు యాసీన్.

అబద్ధం చెప్పడం భూమేశ్‌కు చేతకాదు. "కంప్యూటర్ల ఆట ఉన్నది సాబ్. దాంట్ల మా మనిషి పోయిండు."

ఆఫీసులో ముగ్గురు నవ్వారు. యాసీన్ కళ్లు తుడుచుకుంటూ "రేపు రా" అన్నాడు. రేపు వెళితే ముదీర్ లేడు. ఎల్లుండి ఉన్నాడు కానీ మీటింగు. ఆ తర్వాత యాసీన్ లేడు. డ్యూటీ బట్టలతోనే తిరిగి తిరిగి భూమేశ్ కాళ్లరిగిపోయాయి. పదకొండో రోజు డ్యూటీ మానేసి పొద్దున్నే వెళ్లి యాసీన్ బల్ల ముందు నేలమీద కూర్చున్నాడు.

"ఏంది డ్రామా? ఆబ్సెంట్ పడుతది."

"పడనీ. ఆ ఫొటో నాది, పేరు నాది, మా నాయిన పేరున్నది దాంట్ల. నా ముఖం నేను సూసుకునేటందుకు నీ సంతకమేంది? నా వివరాలు దాచుమంటే ఆడ ఆట కంపెనోడు దొంగలకిచ్చె. నేను నేనేనని చెప్పే కాయితం ఈడ మీరు పెట్టెల పెడితిరి. దొంగకు దొరికింది నాకు దొరకకపోవుడేంది సాబ్?"

ఇక్కడ నాకూ ఒళ్లు మండుతుంది. లక్షల మంది వివరాలు పోగొట్టిన కంపెనీని నీ రుజువేదని అడిగినవాడు లేడు, పోగొట్టుకున్నవాడేమో రుజువు కోసం నేలమీద కూర్చోవాలి. మధ్యాహ్నానికి ముదీర్ విసుక్కుంటూ సంతకం పడేశాడు. "యల్లా, ఖలాస్", ఇక పో అని కాపీ చేతిలో పెట్టి పంపించారు. అరరోజు జీతం కోశారు.

షాహుల్ దాన్ని పంపాడు. ఆ శుక్రవారమే, గడువుకు రెండు రోజులుందనగా జవాబు వచ్చింది. షాహుల్ లోలోపల రెండుసార్లు చదువుకొని పైకి చెప్పాడు.

"ఈ పాస్‌పోర్టు గుండేటి భూమేశ్‌ది. ఖాతా భూమేశ్ షావలిది. ఆయన పాస్‌పోర్టు పంపమంటన్నారన్నా."

ఏ దేశపు ఇనప్పెట్టెలోనూ ఆ పేరుతో పాస్‌పోర్టు లేదు.

"ఉన్నదున్నట్టు రాయి షాహులూ" అన్నాడు షావలి. "మేమిద్దరం ఉండాము, ఒగే మంచంలో పండుకుంటాము, ఒగే మనిషిని ఆడుకుంటాము అని రాయి. ఇందులో దాచేదేముండాది?"

షాహుల్ రాశాడు. మర్నాడు కంపెనీ తిరిగి రాసింది. ఒక ఖాతాను ఇద్దరు వాడడం నిబంధనలకు విరుద్ధం. భూమేశ్ షావలి అనే వ్యక్తి ఉన్నట్టు ఆధారం లేదు. కాబట్టి ఖాతా మూసివేయడమైనది. కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం.

దొంగ రెండేళ్ల సంపాదన ఊడదీశాడు సరే. కంపెనీ ఏకంగా మనిషినే లేకుండా చేసింది. నేనైతే దొంగే కాస్త నయమంటాను. భూమేశ్ ఆ సాయంత్రం కెఫే మెట్లమీద కూర్చొని ఆ కాపీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

ఆ తర్వాత గేటు దగ్గర ఆ నిమిషం మాటలు కూడా తగ్గాయి. కూర గురించి చెప్పుకునేవాళ్లు, పెద్దన్న పేరు ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. శుక్రవారాలు వట్టిపోయాయి. భూమేశ్ రంపం మీద కూడా కోపం చూపిస్తున్నాడని, చట్రాలు వంకరగా కోస్తున్నాడని ఫోర్‌మన్ రెండుసార్లు పిలిచి మందలించాడు. "కానీ తియ్" అన్న మాట మళ్లీ అతని నోట రాలేదు.

మేలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ మంచం మీద కూర్చొని అన్నం తింటుండగా భూమేశ్ ఫోన్ మోగింది. తెలియని నంబరు. చేతికి మెతుకులున్నాయని స్పీకరు నొక్కాడు.

"ముబారక్ హో సార్!" అవతల గొంతులో తేనె కారుతోంది. "నేను మాట్లాడుతున్నది మిస్టర్ భూమేశ్ షావలి గారితోనేనా?" హిందీలో అడిగాడు.

ఇద్దరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి.

"మీ పుట్టిన తేదీ మార్చి పద్నాలుగు, కరెక్టే కదా సార్? మీ నంబరుకు రెండు లక్షల దిర్హాముల బహుమతి వచ్చింది. మీరు చేయాల్సిందల్లా రీఛార్జి కార్డులు కొని వాటిమీది నంబర్లు నాకు చెప్పడమే."

భూమేశ్ వింటున్నది బహుమతి గురించి కాదు. నోటీసులు పంపిన కంపెనీ అలాంటి మనిషే లేడన్నది. పాస్‌పోర్టు దాచిన ఆఫీసు తమ మనిషి పోయాడంటే నవ్వింది. ఇన్నాళ్లకు ఒక్కడు పూర్తి పేరుతో, మంచం దొరికిన తేదీతో, మర్యాదగా సార్ అని పిలిచాడు. ఆ పిలిచినవాడు దొంగ.

"మిస్టర్ భూమేశ్ షావలి? లైన్లో ఉన్నారా సార్?"

"ఉన్న" అన్నాడు భూమేశ్ తెలుగులోనే. ఆ తర్వాత గది గోడలు అదిరాయి. "ఉన్నరా లంగా! నేనే భూమేశ్ షావలిని! మా పెద్దన్న బట్టలెవలికి అమ్మినవ్‌రా? గుర్రమేదిరా? రొట్టె సుత విడవకపోతివి కదరా!"

పై మంచాలవాళ్లు దిగ్గున లేచి కూర్చున్నారు. ఫోన్ ఎప్పుడో కట్టయింది. భూమేశ్ మాత్రం ఊపిరి అందనంతవరకు తిడుతూనే ఉన్నాడు. అతను ఆగగానే షావలి ఎంగిలి చెయ్యి లుంగీకి తుడుచుకొని, ఆ ఫోన్ అందుకొని తన వంతు మొదలుపెట్టాడు.