ఒక్కడికే తెలిసిన కొత్త చిరునామా

కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగం ఆయనది. ఆ పని ఒళ్ళు దాచుకోకుండా చేస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు. చిక్కంతా ఇంటికొచ్చాకే. గుమ్మం దాటగానే ఆయన కంప్యూటర్ల మేధావి అయిపోతాడు. 'మేధావి' అన్న బిరుదు పిన్ని ఇచ్చింది. ఎగతాళికి ఇచ్చిందని తెలిసీ పుచ్చుకున్నాడు. ఏం చేస్తాడు, ఇంకెవరూ ఏ బిరుదూ ఇవ్వడం లేదు మరి!

ఆ పిన్ని మేడ మీద గదిలో ఉంటుంది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఏళ్ళ తరబడి చెప్పిన గొంతు ఆమెది. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకపోయింది. ఇంట్లో స్నానానికి నీళ్ళు కాగాయని చెప్పినా ప్రయాణికులకు గమనిక చెప్పినట్టే ఉండేది. చివరికి మేధావి ఒక మైకు తెచ్చి ఆమె కిటికీ పక్కన బిగించాడు.

"కనిపించింది కనిపించినట్టు చెప్పు పిన్నీ. నేను సైట్లో పెడతాను" అన్నాడు.

అలా 'కిటికీ కబుర్లు' మొదలయ్యాయి. పోస్టుమాన్ సైకిలు చైను మళ్ళీ ఊడింది, పక్క మేడ పిల్లి ఇవాళ ఎవరి గోడెక్కింది, ఇస్త్రీ ఆయన ఎవరితో గొడవ పెట్టుకున్నాడు, ఇవే. రోజూ పొద్దున్నే కాసేపు. ఇవి ఎవరు వింటారులే అని మేధావి లోపల నవ్వుకున్నాడు. విన్నారు! తుంటి ఎముక విరిగి మంచం దిగలేని ఒక పెద్దాయన, ఓడ మీద వంటవాడు, కిటికీలే లేని గదిలో ఎక్స్‌రేలు తీసే ఒకమ్మాయి, ఇలా బయటికి తొంగిచూసే వీల్లేని వాళ్ళంతా పోగయ్యారు. విని ఊరుకోకుండా సైట్లో కింద నాలుగు ముక్కలు రాసేవాళ్ళు. సాయంత్రం కాగానే పిన్ని కిందికి దిగి, మేధావి కంప్యూటర్ ముందు కూర్చుని అవన్నీ పైకి చదివేది. ఆ వేళకి ఆమె ముఖం చూడాలి, పదేళ్ళు చిన్నదైపోయేది.

ఇంతకీ ఆ సైటు ఉండేదెక్కడ? షాపువాళ్ళు పనికిరాదని పారేసిన ఒక పాత కంప్యూటర్లో. దాన్ని మెట్ల కింద, చెప్పుల గూడు పక్కన పెట్టాడు. అది ఎప్పుడూ వెచ్చగా ఉంటుందని భార్య వానాకాలంలో తడి బూట్లు దాని మీద ఆరేసేది. తన సర్వరు మీద బూట్లా! మేధావికి తల కొట్టేసినట్టుండేది. సైటుని ఒక పెద్ద కంపెనీవాళ్ళ కొత్త సర్వరుకి మార్చేయాలని పంతం పట్టాడు.

ఇల్లు మారడం లాంటిదే ఇదీను. సామానంతా కొత్తింటికి చేర్చాలి, తర్వాత అందరికీ కొత్త చిరునామా చెప్పాలి. సామాను చేర్చాడు. చిరునామా చెప్పేముందు ఇల్లు తనొకసారి చూసుకోవాలి కదా, అందుకని తన కంప్యూటర్లో ఒక చిన్న లైను రాసుకున్నాడు: ఈ సైటు పేరు కొడితే పాతింటికి కాదు, కొత్తింటికి తీసుకెళ్ళు. ఆ లైను ఆ ఒక్క కంప్యూటర్ మాత్రమే వింటుంది. తప్పేం లేదు, ఈ పని తెలిసినవాళ్ళు చేసేదే. పేరు కొట్టగానే కొత్త సైటు టక్కున తెరుచుకుంది. మనిషి మురిసిపోయాడు. భార్యని పిలిచి చూపించాడు, పిన్నిని పిలిచి చూపించాడు, కాలరెగరేశాడు. ఆ సంబరంలో లోకానికి చిరునామా చెప్పడమనే రెండో పని శుభ్రంగా మర్చిపోయాడు.

అంటే ఏమైంది? ఆయన కంప్యూటర్ ఒక్కటే కొత్తింటికి వెళ్తోంది. మిగతా లోకమంతా పాతింటి తలుపే తడుతోంది. పిన్ని కొత్త కబుర్లన్నీ కొత్తింటికి చేరుతున్నాయి, అక్కడ వినే నాథుడు లేడు.

భార్య రెండోరోజే చెప్పింది. "ఏమండీ, నా ఫోన్లో పాత సైటే వస్తోంది. చిన్నత్తయ్యగారి కొత్త కబుర్లు లేవు."

"వాస్తవానికి నీ ఫోను పాత కాపీ దాచుకుంటుందోయ్. అది తుడిచెయ్."

"తుడిచాను."

"సరిగ్గా తుడిచుండవు" అని, ఫోన్లు కాపీలు ఎందుకు దాచుకుంటాయో భోజనం అయ్యేదాకా ఊదరగొట్టాడు. ఆవిడ ఓ దణ్ణం పెట్టి, మళ్ళీ ఆ సైటు జోలికి పోనని వెళ్ళిపోయింది. పోతూ పోతూ పాత కంప్యూటర్ ఆపేయడానికి మాత్రం ఒప్పుకోలేదు, బూట్లు ఇంకా ఆరలేదంది.

సాయంత్రాలు పిన్ని దిగేది. "ఏరా, ఏమైనా రాశారా?"

"లేదు పిన్నీ."

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఒక్క ముక్క రాలేదు. సైటు చెడిపోయిందేమో చూడమంది. చూశాడు. ఎక్కడ? తన కంప్యూటర్లోనే! భేషుగ్గా ఉంది. దాంతో మేధావికి జ్ఞానోదయమైంది. "వాస్తవానికి జనం అంతే పిన్నీ. కొన్నాళ్ళు వింటారు, తర్వాత ఇంకోదాని మీద పడతారు. మనసుకి తీసుకోకు" అని సన్యాసిలా సెలవిచ్చాడు. పిన్ని మేడ మీదికి బయల్దేరింది. మెట్లెక్కుతూ మధ్యలో ఒకసారి ఆగడం చూసి ఆయనకి ప్రాణం ఉసూరుమంది.

చూస్తూ ఊరుకోలేక ఇంకో ఘనకార్యం చేశాడు. 'దూరపు శ్రోత' అన్న పేరుతో తనే రాశాడు. "వాస్తవానికి మీ కబుర్లు అమోఘం. వాస్తవానికి మీ గొంతు మరీ అమోఘం" అని. పిన్ని అది చదివి, కళ్ళజోడు తీసి ఆయన వంక చూసింది.

"ఒరేయ్, వాస్తవానికి ఈ దూరపు శ్రోత నా పక్కనే కూర్చున్నాడు కదూ?"

మేధావి నాలుక్కరుచుకున్నాడు.

"జాలిపడి వింటే సంతోషపడాల్సిన గతి ఇంకా పట్టలేదురా నాకు. రేపటితో ఆపేస్తాను" అంది. గొంతు ఎక్కడా తొణకలేదు. ఇదివరకు చివరి బస్సు వెళ్ళిపోయిందని చెప్పినప్పుడు కూడా అలాగే చెప్పి ఉంటుంది. మర్నాడు పొద్దున సెలవు తీసుకుంటున్నానని రెండు మాటలు రికార్డు చేసి, మైకు తీసి పెట్టెలో పెట్టేసింది. "సాయంత్రం వచ్చాక పెట్టు" అని చెప్పి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు షాపులో అద్దాలు అరగదీస్తున్నాడన్నమాటే గాని మనసు మనసులో లేదు. గిరాకీ లేని వేళ ఓనరుగారు పిలిచి, "ఏదోయ్, కొత్త సైటు కొత్త సైటు అంటున్నావు, చూపించు" అన్నారు. మేధావి షాపు కంప్యూటర్లో పేరు కొట్టాడు. నెమ్మదిగా, మూలుగుతూ సైటు తెరుచుకుంది. పాతది! ఈ కంప్యూటర్ కూడా కాపీ దాచుకుందన్నమాట అనుకుని ఉపన్యాసానికి గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోగా ఓనరుగారు కింద రాసినవి చదివేశారు.

"అయ్యో! మీ పిన్నిగారు పోయారా? ఒక్క మాటైనా చెప్పలేదేమయ్యా? సెలవు కూడా పెట్టలేదు!"

"ఎవరు పోయారండీ?"

"ఇదిగో, ఇక్కడ సంతాపం రాశారు కదయ్యా!"

మేధావి వంగి చూశాడు. బారెడు పొడుగున ఉన్నాయి. మొదట్లో అమ్మకి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. తర్వాత ఎవరైనా కనుక్కోండి అని బతిమాలారు. చివర్లో ఓడ మీద వంటవాడు తెగించి సంతాపమే రాసేశాడు. తన కంప్యూటర్లో రాసుకున్న లైను అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. ఊళ్ళో అందరి చూపూ సరిచేసే పెద్దమనిషి ఇన్నాళ్ళూ తన అద్దంలో తన మొహమే చూసుకున్నాడు! ఓనరుగారు ఓదార్పుగా భుజం తట్టి, ఇంటికి వెళ్ళమన్నారు. ఆయనకి నిజం చెప్పే ఓపిక కూడా లేక అలాగే పరిగెత్తాడు.

ఇంటికొచ్చి మేడమెట్లెక్కి తలుపు కొట్టాడు. "పిన్నీ, నేను గాడిదని. సైటుని మార్చాను గాని, మార్చినట్టు నా కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాళ్ళంతా పాత చోటే నీకోసం చూస్తున్నారు."

వెనకే వచ్చిన భార్య తన ఫోను తెరిచి పిన్ని చేతికిచ్చింది. పిన్ని మంచం మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఈసారి పైకి చదవలేదు. ఎక్స్‌రే అమ్మాయి రాసింది చదివి పెదవి బిగపట్టింది. వంటవాడి సంతాపం రెండుసార్లు చదివింది.

"బతికుండగా ఇంత బాగా ఎవరూ అనలేదురా నన్ను. ఇంకో వారం ఆగి సరిచేయకూడదూ?" అంది.

అంతలో ఆమె వేలు ఒకచోట ఆగింది. మంచం దిగలేని పెద్దాయన రాసింది. 'ఆవిడ ఉన్నారని ఒక్క మాట చెప్పండి చాలు. ఉంటే మాట్లాడకపోయినా ఫర్వాలేదు.'

పిన్ని కళ్ళజోడు తీసేసింది. ఇన్నాళ్ళూ తొణకని మనిషి ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు పక్కన కూర్చుని వీపు రాసింది. మేధావి మాత్రం తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడే ఉన్నాడు.

కాసేపటికి చెంగుతో ముఖం తుడుచుకుని, "మాట్లాడకపోయినా ఫర్వాలేదట! నేనా? మాట్లాడకుండానా?" అంటూ లేచింది. పెట్టెలోంచి మైకు తీయించింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, బస్టాండు గొంతుతో మొదలుపెట్టింది.

"శ్రోతలకు గమనిక. నేను పోలేదు. మా అక్క కొడుకు నన్ను కొత్తింట్లో దింపి, ఆ సంగతి తనకి తానే చెప్పుకుని ఊరుకున్నాడు. కలిగిన అసౌకర్యానికి వాడు చింతిస్తున్నాడు. ఇక కిటికీలోంచి ఏం కనిపిస్తోందంటే..."

మేధావి ఆ సెలవు మాటల రికార్డు తుడిచేశాడు. కొత్త కబురు ముందు పాతింట్లోనే పెట్టాడు, జనం ఉన్నది అక్కడే కాబట్టి. తర్వాత బుద్ధిగా లోకానికి చిరునామా చెప్పే పని మొదలుపెట్టాడు. కోడలి ఫోన్లో తన గొంతు తను వినేదాకా పిన్ని ఆయన వీపు వెనక నుంచి కదల్లేదు. మేధావి మాట మీద ఆ ఇంట్లో నమ్మకం అలా ఉంది మరి.

చీకటి పడకముందే జవాబులు మొదలయ్యాయి. అందరికంటే ముందు ఓడ మీద వంటవాడు రాశాడు. 'క్షమించండి అమ్మా. నా సంతాపం వెనక్కి తీసుకుంటున్నాను.'

"వద్దని రాయి" అంది పిన్ని. "అదక్కడే ఉండనివ్వమను. ఎలాగూ ఒకరోజు కావాలి. అప్పుడు ఇంత బాగా రాయగలడో లేదో."

మేధావి అలాగే టైపు చేశాడు, కళ్ళు మసకబారి రెండు తప్పులు పడ్డాయి. పిన్ని రెండూ దిద్దించింది.